రుచి చూడని చెయ్యి

మొదటి నీళ్లు పోసి రాహేలమ్మ ఫిల్టరు మీద మూత పెట్టింది. వంటింట్లో ఇంకా మసకగానే ఉంది. పొయ్యి వెలుగు ఇత్తడి ఫిల్టరు పొట్ట మీద పడి కదులుతోంది. ఆమె పీట మీది నుంచి ముందుకు వంగి చెవి దాని దగ్గర పెట్టింది. పదేళ్లుగా రోజూ ఇలాగే వింటుంది. నీళ్లు పొడిలోకి ఇంకుతున్నప్పుడు కాసేపు ఏ శబ్దమూ ఉండదు. తర్వాత కింది గిన్నెలో ఒక చుక్క పడుతుంది. దానికీ రెండో చుక్కకూ మధ్య ఒక ఊపిరి తీసి వదిలేంత సందు ఉండాలి. త్వరగా పడితే పొడి మొరటుగా ఆడినట్టు. మరీ ఆలస్యమైతే పిండి చేసినట్టు.

ఇవాళ సందు సరిగానే ఉంది. నిన్నా సరిగానే ఉంది. ఆమెకు అర్థం కానిది అదే.

నలభై ఏడేళ్ల మనిషి. పొట్టి. భుజాలు మాత్రం వెడల్పు. ఎడమ మణికట్టు మీద పాలు పొంగి కాలిన మచ్చ, వంకాయ తొడిమంత. చూసినవాళ్లు గుర్తుపెట్టుకునే ముఖం కాదు. చర్చిలో ఎప్పుడూ ఆమె పక్కన కూర్చునేవాళ్లు కూడా, ఆమె రాని ఆదివారం, ఏదో ఖాళీగా ఉందనుకుంటారే గాని ఎవరు రాలేదో చెప్పలేరు. ఆమెకూ తన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కటి మాత్రం ఉండేది. కర్నూల్లో ఇంత మంచి కాఫీ ఇంకో ఇంట్లో దొరకదని రత్నమణి టీచరమ్మ వచ్చినవాళ్లందరితో అనేది. ఆ మాట అన్నప్పుడు రాహేలమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి, అది ఎవరి గురించో అన్నట్టు వినేది.

నాలుగు రోజులుగా ఆ ఒక్కటీ లేదు.

రత్నమణి మిషను ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు చదువు చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. మద్రాసులో టీచరు ట్రైనింగు చదివిన రోజుల్లో కాఫీ అలవాటైంది. ఆ రోజుల నుంచి తెచ్చుకున్నవి ఒక ఫిల్టరు, బల్లకు బిగించే చేతిమర, కొన్ని నియమాలు. గింజలు శనివారం వేయించాలి, వేగిన చింతగింజ రంగు రాగానే దించాలి. పొడి ఏ పూటకాపూటే ఆడాలి. పాలు ఒక్కసారే పొంగాలి. రెండోసారి పొంగితే పాలవాసన మారిపోతుంది. బడిపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు ఇవన్నీ రాహేలమ్మకు చెప్పింది. రాహేలమ్మ ఎక్కాలు నేర్చుకోలేదు కాని ఇవి నేర్చుకుంది.

చైత్రంలో టీచరమ్మకు జ్వరం పట్టుకుంది. మూడు వారాలకు వదిలింది. ఆకలి మాత్రం తిరిగి రాలేదు. గంజి పోస్తే కక్కుకుంది. పాలు చిన్నప్పటి నుంచీ గిట్టవు. డాక్టరు మంచం పక్కన నిలబడి, "జ్వరం పోయింది. ఇంక మనిషి మిగలాలంటే పాలు లోపలికి పోవాల, ఎట్లయినా సరే," అన్నాడు. ఎట్లయినా అంటే కాఫీగానే. మూడు వంతులు పాలు, ఒక వంతు డికాక్షను. కాఫీ వేషం వేసుకుని పాలు లోపలికి పోవాలి. మొదట్లో పోయాయి. నాలుగు రోజుల కింద, సోమవారం పొద్దున, టీచరమ్మ ఒక గుక్క తాగి లోటా పక్కన పెట్టేసింది.

"ఇది కాదు రాహేలూ," అంది.

అప్పటి నుంచి ప్రతి లోటాకూ ఒకటే గుక్క.

బయట గంట చప్పుడైంది. పాలు పోసే గిడ్డమ్మ తన గేదెను, ఎనుమును, తోలుకొచ్చి గడప ముందర ఆపింది. రాహేలమ్మ చెంబు కడిగి, ఒక్క చుక్క నీరు కూడా లేదని చూపడానికి దాన్ని బోర్లించి, ఇచ్చింది. గిడ్డమ్మ చూపించాల్సింది పోయి రాహేలమ్మ చూపిస్తుంది. అదొక అలవాటు.

"గిడ్డమ్మా, ఎనుముకు ఏం మేత పెడతాండావు?"

"ఏం పెడతారక్కా ఎండాకాలం? జొన్నసొప్ప. శెనగచెక్క దొరికితే అది. ఏం, మళ్లీ తాగలేదా పంతులమ్మ?"

"తాగలేదు."

"అయితే నా ఎనుము మీద పడినావన్న మాట. నిన్న నీళ్ల మీద పడితివి, మొన్న చక్కెర మీద పడితివి." గిడ్డమ్మ మోకాళ్ల మధ్య చెంబు ఇరికించుకుని పొదుగు నిమిరింది. "ఇంగ రేపు ఎవురి మీద పడతావో. నేను రేపు రానులే తల్లీ, నన్ను ఉరేస్తారేమో."

"నవ్వులాట కాదు గిడ్డమ్మా. ఎనుము ఈనేదానికేమన్నా దగ్గరపడిందా? పాలు ఉప్పగ తిరిగినాయా?"

"మూడు నెల్లుండాది. కావాలంటే అడుగు దాన్నే." ఎనుము తల తిప్పి చూసింది. పాలధార చెంబులో మొదట గట్టిగా మోగి, నిండేకొద్దీ మెత్తబడింది. నురుగు అంచు దాటి పైకి లేచింది. రాహేలమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పాలవాసనే. కొంచెం సొప్ప, కొంచెం ఎండ.

లోపలికి పోయి పాలు పొయ్యి మీద పెట్టింది. పొంగు గిన్నె అంచు వరకు లేచి వణుకుతున్నప్పుడు దించింది. లోటాలో డికాక్షను పోసి, చక్కెర వేసి, పైన పాలు పోసింది. లోటా నుంచి గిన్నెలోకి, గిన్నె నుంచి లోటాలోకి చేయి చాచినంత ఎత్తు నుంచి నాలుగుసార్లు ఒంపింది. నురుగు వేలెడు మందంగా నిలిచింది. రంగు చూసింది. ఎండిన జొన్నచేను రంగు. ఇదే రంగు. ఈ రంగు ఆమె ఎప్పుడూ తప్పలేదు.

నడిమింట్లో టీచరమ్మ మేలుకునే ఉంది. ఒకప్పుడు తలుపులో కొంచెం వంగి నడిచే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఆమె ఉన్నట్టు మోకాళ్ల దగ్గర మాత్రమే తెలుస్తోంది. రాహేలమ్మ ఆమెను లేపి దిండ్లకు ఆనించి, లోటా రెండు చేతుల్లో పెట్టి, చేతుల కింద తన చేతులు పెట్టింది. ఒక గుక్క. గొంతు కదిలింది.

"ఊహూఁ."

"ఏం తక్కువైందమ్మా? చెప్తే సరిచేస్తా."

"తక్కువ కాదు."

"చక్కెరా?"

"కాదు."

"పాలేమన్నా మాడినాయా?"

"లేదులే." టీచరమ్మ కళ్లు మూసుకుంది. "ఇది అది కాదు. అంతే."

"అది ఎట్లుండేదో చెప్పమ్మా."

టీచరమ్మ చాలాసేపు ఆలోచించింది. ముఖంలో శ్రమ కనిపించింది. మరిచిపోయిన పేరు కోసం వెతుకుతున్నట్టుంది. "దినామూ చేసేదానివి నువ్వు. నన్నడుగుతావేమే?" అంది చివరికి. కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అంది.

రాహేలమ్మ లోటా తీసుకుని బయటికి వచ్చింది. గిడ్డమ్మ ఇంకా వెళ్లలేదు. అరుగు కింద కూర్చుని ఆకు నములుతోంది.

"నువ్వు ఒకసారి చూసి చెప్పు గిడ్డమ్మా."

గిడ్డమ్మ ఒక క్షణం ఇటూ అటూ చూసింది. ఈ ఇంటికి పాలు పోస్తుంది కాని ఈ ఇంటి లోటా ముట్టుకోదు. అది ఇద్దరికీ తెలుసు. పదేళ్లలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆకు ఉమ్మేసి, నోరు తుడుచుకుని, దోసిలి పట్టింది. "పైనుంచి పొయ్యి. కాలదు కదా?"

రాహేలమ్మ పైనుంచి పోసింది. గిడ్డమ్మ వేళ్ల సందుల్లోంచి సగం కారిపోయింది. మిగిలింది చప్పరించి, మోచేతి వరకు కారినదాన్ని కూడా నాకింది.

"తియ్యగుండాది."

"అదొకటేనా?"

"ఎచ్చగుండాది. వెనకాల కొంచెం చేదు. ఇంగేం చెప్పాలక్కా? నాకు తెలిసింది తీపి, కారం, ఉప్పు. నువ్వు చేసేది ఇది, పదేండ్ల నుంచి. నువ్వే తాగి చూసుకోరాదా?"

రాహేలమ్మ లోటా అంచు చెంగుతో తుడిచింది. గిడ్డమ్మకు తెలియదు. ఈ ఊళ్లో ఆ సంగతి టీచరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పదేళ్లుగా రోజుకు మూడుసార్లు కాఫీ కలిపిన రాహేలమ్మ ఒక్కసారి కూడా దాన్ని నోట పెట్టలేదు.

*

ఇంటి వెనక బావి నీళ్లు ఉప్పు. కాఫీకి కె.సి. కాలువ నీళ్లు వాడేవాళ్లు. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేశారు. అందుకని నెలరోజులుగా వీధి కొళాయి నీళ్లే. నీళ్ల సంగతి నిన్ననే అనుమానించింది కాని తేల్చుకోలేదు. తేల్చుకోవాలంటే ఏటికి పోవాలి. పొద్దు బారెడెక్కకముందే బిందె తీసుకుని బయలుదేరింది.

తుంగభద్ర మే నెలలో ఇసుకే. ఆవలి ఒడ్డున ఒక పాయ మాత్రం ఎండకు మెరుస్తూ, నీరు ఉందో లేదో అన్నట్టుంది. రాహేలమ్మ చెప్పులు లేని కాళ్లతో ఇసుకలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో చెలమ తవ్వింది. మోచేతి లోతుకు తడి తగిలింది. తడి అడుగున నీరు ఊరడం మొదలైంది. ముందు బురదనీరు తోడి పారబోసింది. తర్వాత తేట కోసం కూర్చుని చూసింది.

నీరు ఊరుతుంటే చూడటం తప్ప వేరే పని లేనప్పుడు మొగుడు దాసన్న గుర్తొస్తాడు. ఏట్లో ఇదివరకు ఈ రోజుల్లో కూడా నడుములోతు మడుగులు ఉండేవట. పైన హోస్పేట దగ్గర డ్యాము కట్టి ఆపేశారని అందరూ అంటారు. ఆ డ్యాము పనికే దాసన్న ఆలూరు పక్క తమ ఊరి నుంచి పోయాడు, స్వరాజ్యం వచ్చిన ఏడు. రాళ్లు మోసే పని. రెండు కార్డులు రాయించి పంపాడు. ఆ తర్వాత రాలేదు. రాహేలమ్మ ఊళ్లో ఉండలేక కర్నూలు వచ్చేసింది. పాస్టరు ఆమెను రత్నమణి ఇంటికి పనికి పంపాడు.

వచ్చిన కొత్తలో టీచరమ్మ రోజూ అనేది: "నువ్వూ ఒక లోటా కలుపుకోవే." రాహేలమ్మకు సిగ్గు. రేపు తాగుతాలే అనేది. ఇంతలో శ్రమదినాలు వచ్చాయి. నలభై రోజులు ఏదో ఒకటి విడిచిపెట్టి ప్రార్థన చేయమని చర్చిలో ఆడవాళ్లకు చెప్పారు. జ్ఞానమణి ఆకువక్క విడిచింది. ఇంకొకామె మాంసం కూర విడిచింది. రాహేలమ్మ తన బతుకంతా వెతుక్కుంది, విడిచిపెట్టడానికి ఏమీ దొరకలేదు. కూర క్రిస్మసుకు తప్ప ఎరగదు. ఆకువక్క అలవాటు లేదు. చివరికి తన చేతిలో నుంచి పోయేవాటిలో అన్నిటికంటె మంచి వాసన దేనికుందో ఆలోచించి, దాసన్న తిరిగి వచ్చేదాకా కాఫీ ముట్టనని మనసులో మొక్కుకుంది.

తర్వాత సందేహం వచ్చింది. ఎన్నడూ తాగనిదాన్ని విడిచిపెట్టడం విడిచిపెట్టడమేనా? దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా? టీచరమ్మను అడిగింది. టీచరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. మళ్లీ ఎన్నడూ ఒక లోటా కలుపుకోమనలేదు.

నలభై రోజులు అయిపోయాయి. అందరూ విడిచినవి మళ్లీ పట్టుకున్నారు. రాహేలమ్మది మాత్రం నలభై రోజుల మొక్కు కాదు.

రెండు కబుర్లు వచ్చాయి, రెండేళ్ల తేడాతో. హనుమన్న అనే వాళ్ల ఊరి మనిషి, రాళ్ల బండి జారి ఆరుగురు పోయారనీ, అందులో ఒకడు దాసన్నేననీ, చొక్కా గుర్తుపట్టాననీ చెప్పాడు. ఆ తర్వాత అదే ఊరి చిన్న ఈరన్న వచ్చి, హోస్పేట స్టేషన్లో దాసన్నను చూశాననీ, ఒళ్లు చేశాడనీ, పక్కన ఒక ఆడమనిషి ఉందనీ చెప్పాడు. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. రాహేలమ్మ కొన్ని రోజులు ఒకరిని నమ్మేది, కొన్ని రోజులు ఇంకొకరిని. హనుమన్న మాటే నిజమైతే బాగుండుననిపించిన రోజులు కూడా ఉన్నాయి. అలా అనిపించిన ఆదివారం చర్చికి పోయేది కాదు. కాఫీ తాగితే హనుమన్న వైపు చేరినట్టు. తాగకుండా ఉంటే ఎవరి వైపూ చేరనక్కరలేదు. అట్లా పదేళ్లు గడిచాయి. మొక్కు ఆయన కోసం పట్టిందో, ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పని తప్పుతుందని పట్టిందో, ఇప్పుడు అడిగితే చెప్పలేదు.

చెలమలో నీరు తేటపడింది. కొబ్బరిచిప్పతో తోడి, పైటచెంగులో వడపోసి బిందె నింపింది. దోసెడు తాగి చూసింది. తియ్యటి నీరు. నీళ్లకు మొక్కు లేదు కాబట్టి, వాటి సంగతి వెంటనే తెలిసింది.

*

ఇంటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. టీచరమ్మ నిద్రపోతోంది. ఊపిరి నెమ్మదిగా, అక్కడక్కడ ఆగి వస్తోంది. రాహేలమ్మ కిటికీకి తడిగుడ్డ కట్టి, వంటింట్లో కూర్చుని గింజల సంచి విప్పింది.

గింజల మీద కూడా అనుమానం ఉంది. రాజధాని ఈ ఊళ్లో ఉన్న మూడేళ్లూ మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాల కోసం బజార్లో తాజా గింజలు దొరికేవి. పోయిన ఏడు ఆఫీసులన్నీ హైదరాబాదుకు లేచిపోయాయి. ఆఫీసుల కోసం వేసిన గుడారాలు విప్పేశారు. గింజలు అడిగేవాళ్లు లేరు. కొట్లో మిగిలినవి ఎప్పటివో. చేటలో పోసి ఒక్కొక్క గింజా ఏరింది. నల్లబడినవి, పుచ్చినవి, మెరుపు పోయినవి పక్కన పెట్టింది. దోసెడు మిగిలాయి. శనివారం కాకపోయినా బాణలి పెట్టి వేయించింది. పొగ లేచి చింతగింజ రంగు వచ్చి, గింజలు ఒకటి రెండు చిటపటమన్నాయి. వాసన ఇల్లంతా నిండింది. ఆ వాసన తగిలితే టీచరమ్మ ఎక్కడున్నా 'ఊఁ' అనేది. ఇవాళ లోపలి నుంచి ఏమీ వినిపించలేదు.

మూడు గంటల కాఫీ. మర తిప్పుతూ ఆమె ఒక్కొక్కటే మనసులో తీసేసింది. నీళ్లు కావు, ఏటినీళ్లు. గింజలు కావు, ఏరినవి. పాలు కావు, కొంచెం ముందే గిడ్డమ్మను పిలిపించి తన కళ్లముందు పిండించింది. చక్కెర కాదు. ఇక రెండే మిగిలాయి. తన చెయ్యి ఒకటి. టీచరమ్మ నాలుక ఒకటి. చెయ్యి తప్పైతే సరిచేయవచ్చు, టీచరమ్మ తాగుతుంది, పాలు లోపలికి పోతాయి, మనిషి మిగులుతుంది. నాలుక తప్పైతే ఎన్ని లోటాలు కలిపినా ఒకటే. ఏది తప్పో తెలియాలంటే ఒకటే దారి.

పాలు దించింది. కలిపింది. ఒంపింది. నురుగు నిలిచింది. లోటా ముందు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఆమెకు భయం వేయలేదు. దేవుడు గుర్తు రాలేదు. దాసన్న ముఖం తెచ్చుకోవాలని చూసింది. మెడ వెనక భాగం మాత్రం వచ్చింది, ఎండకు కమిలి, గీతలు పడిన మెడ. పోతున్నప్పుడు చూసింది కాబట్టి అదొక్కటే మిగిలినట్టుంది. ఇదేమిటి, ఎవరి కోసం పదేళ్లు మొక్కు పట్టానో ఆయన ముఖం లేదే అనుకుంది. ఆ ఆశ్చర్యంలోనే లోటా ఎత్తి పెదవులకు ఆనించింది.

నురుగు ముందు తగిలింది. మెత్తగా, ఏమీ లేనట్టు. దాని వెనక వేడి. వేడి పోయాక తీపి. తీపి పోతూ పోతూ నాలుక మొదట్లో చేదు. ఇంకో గుక్క తాగింది. అదే. మూడో గుక్క నోట్లో పెట్టుకుని ఆగింది. ఇది మంచిదా? తెలియలేదు. చెడ్డదా? అదీ తెలియలేదు. ఊళ్లో అన్నిటికంటె మంచి కాఫీ ఎట్లా ఉండేదో ఆమె నోటికి తెలియదు. దేనితో పోల్చి చూడాలి? పదేళ్లలో ఒక్క రోజు, ఏ మంచి రోజో, ఒక్క గుక్క తాగి ఉంటే ఇవాళ చెప్పగలిగేది. మొక్కు తప్పింది, తెలిసిందేమీ లేదు. గొంతు మాత్రం కొంచెం కాలింది.

లోటా మళ్లీ నింపింది. కొంచెం డికాక్షను, కొంచెం పాలు. తీసుకుని నడిమింట్లోకి పోయింది.

టీచరమ్మ కళ్లు తెరిచింది. లేపి కూర్చోబెడితే జొన్నసొప్ప మోపంత తేలిక. లోటా వైపు చూడలేదు. రాహేలమ్మ ముఖంలోకి చూసింది. చూస్తూ, చాలా నెమ్మదిగా, చేయి ఎత్తి తన పై పెదవి చూపించుకుంది.

"నీ మూతి మీద నురుగుండాది."

రాహేలమ్మ గబగబా తుడుచుకుంది.

"తాగినావా?"

"ఆఁ."

నాలుగు రోజులుగా ఏదీ కదలని ఆ ముఖం కదిలింది. కనుబొమ్మలు లేచాయి. బుగ్గల్లోకి ఎక్కడి నుంచో కొంచెం రంగు వచ్చింది.

"వచ్చినాడా!"

ఎవరని రాహేలమ్మకు వెంటనే తట్టలేదు.

"దాసన్న వచ్చినాడు కదా? నాకు చెప్పకుండా దాచిపెడతావా? దొంగముండా." టీచరమ్మ నవ్వింది. నవ్వుకు ఊపిరి చాలక ఆగింది. "పదేండ్లు. ఎట్లుండాడు? ముసిలోడైనాడా?"

"అమ్మా..."

"యాడ కూచోబెట్టినావు?"

"బయట," అంది రాహేలమ్మ. తన గొంతే. ఆ మాట తను అనాలనుకోలేదు. మరి ఎవరన్నట్టు?

"ఎండలోనా! ఏం మనిషివే నువ్వు. పో, ముందు ఇది వానికియ్యి."

"ఇది నీకమ్మా. పాలు..."

"నాకు మళ్లీ కలుపు. నడిచొచ్చినోనికి ముందియ్యాల." లోటాను వేళ్లతో తోసింది. ఆ తోపులో బలం లేదు కాని బడిలో పిల్లల్ని బల్ల దగ్గరికి తోసే పద్ధతి ఉంది. "తాగి ఎట్లుండాదో చెప్పమను. నాలుగు దినాల నుంచి నా మాట నాకే నమ్మకం లేదు. వాడు చెప్పనీ. వాడు బాగుండాదంటే నేనూ తాగుతా."

రాహేలమ్మ లోటా పట్టుకుని లేచింది. వద్దు, ఎవరూ రాలేదు, నేనే మొక్కు తప్పాను అని చెప్పాలి. తలుపు దాకా ఆ మాట వెంట వచ్చింది. తలుపు దాటాక లేదు.

బయట వీధిలో మనిషి లేడు. ఎదురింటి గోడ తెల్లగా కళ్లలో గుచ్చుకుంటోంది. ఆమె వీధి ఈ చివర చూసింది. ఆ చివర చూసింది. ఏం చూస్తున్నానని తనకే అనిపించింది. అయినా ఇంకోసారి చూసింది. తర్వాత అరుగు మీద, నీడ ఉన్న వైపు, లోటా పెట్టింది. చెంగుతో అరుగు మీద దుమ్ము దులిపింది, ఒక మనిషి కూర్చునేంత మేర. ఒక మనిషి కాఫీ తాగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు బాగా తెలుసు. అంతసేపు నిలబడింది. లోపలికి పోయి చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకుంది. బాగుండాదంట. రెండుసార్లు పెదవులు కదిపి చూసుకుంది. అబద్ధంలా వినిపించలేదు. నిజంలా కూడా వినిపించలేదు.

లోపలికి పోయింది.

"బాగుండాదంటమ్మా," అంది గడపలోనే.

టీచరమ్మ ముఖం తలుపు వైపే తిరిగి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. పెదవులు కొంచెం విడివడి, ఏదో అడగబోతున్నట్టు, లేదా జవాబు వినడానికి ఊపిరి బిగబట్టినట్టు ఉన్నాయి.

"శానా బాగుండాదంట," అంది రాహేలమ్మ, దగ్గరికి పోయి.

తడిగుడ్డలోంచి గాలి వచ్చి టీచరమ్మ నుదుటి మీది వెంట్రుకలు కదిపింది. ఆ కదలికకు రాహేలమ్మ ఒక్క క్షణం మోసపోయింది. మూడోసారి ఆ మాట ఇంకా చిన్నగా అంది. అని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఏడుపు రాలేదు. వంటింట్లో చక్కెర డబ్బాకు మూత పెట్టలేదని, చీమలు పడతాయని అనుకుంది. విందా, వినలేదా అనుకుంది. విని ఉంటే అబద్ధం విని పోయింది. వినకపోతే వాడు బయట కాఫీ తాగుతున్నాడని అనుకుంటూ పోయింది. రెండింటిలో ఏది మేలో తేల్చలేకపోయింది. కాఫీ బాగుందో లేదో చెప్పగలిగిన మనిషి ఇక లేదన్న సంగతి అన్నిటికంటె చివర తట్టింది.

సాయంత్రానికి మనుషులు వచ్చారు. జ్ఞానమణి వచ్చి టీచరమ్మ కళ్లు మూసి, గడ్డం కింద గుడ్డ కట్టింది. గిడ్డమ్మ పాలచెంబుతో వచ్చి, సంగతి విని, చెంబు పట్టుకునే వీధిలో నిలబడిపోయింది. "పొద్దున నన్ను తిట్టినా బాగుండేదక్కా," అంది, ఎందుకో. చర్చి సంఘపెద్ద లేవి, శవపెట్టె సంగతి, గోతి సంగతి చూడటానికి ఇద్దరిని పంపి, బయటికీ లోపలికీ తిరుగుతూ అరుగు మీది లోటా చూసి ఆగాడు.

"ఎవురన్నా వచ్చినారా రాహేలమ్మా? ఎవురికి పెట్టినావు ఇది?"

రాహేలమ్మ గడపలో నిలబడి అటు చూసింది.

"తెలీదప్పా," అంది.

లోపల ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఎవరిదో అనుకుని ప్రతివాళ్లూ కాలు తగలకుండా పక్కకు జరిగి నడుస్తున్నారు. నీడ ఎప్పుడో తప్పుకుంది. అరుగు మీద, ఒక మనిషి కూర్చునేంత శుభ్రం చేసిన చోటు పక్కన, ఇత్తడి లోటా నిండుగా అట్లాగే ఉంది, నురుగు అణిగి, పైన మీగడ ముడతలు పడి.